అమ్మ కాఫీ పెట్టాక తెల్లారి ఎక్కడుండాలి?

నల్లగొండ జిల్లా పెద్దవూరలో మహిళా సంఘం వాళ్ళు కూడే గదిలో, పోయిన చలికాలం ఒక సాయంత్రం ఇరవై మంది దాకా కూర్చున్నాం. నాట్లకు పోయేవాళ్ళు, ఒక అంగన్‌వాడీ ఆయా, బట్టలు కుట్టే ఒకామె, ఇంటర్ చదివే ముగ్గురమ్మాయిలు. నా లాప్‌టాప్‌లో రెండు చిన్న సినిమాలు చూశాం. మొదటిది తెలుగుది. పేరెందుకు, అలాంటివి చాలా ఉన్నాయి. నగరంలో ఒక అపార్ట్‌మెంటు, ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిలు, ఒకరోజు తలుపు తీసిన తల్లి. ఆమె ఏడుస్తుంది, వంటింట్లోకి పోతుంది, చివరికి మూడు కప్పుల కాఫీతో బయటికొస్తుంది. సంగీతం. సమాప్తం.

నాట్లకు పోయే ఒకామె అడిగింది: "మంచిగనే ఉంది మేడం. గని తెల్లారి వాళ్ళేడుంటరు? కిరాయి ఎవలు కడ్తరు?"

నా దగ్గర జవాబు లేదు. సినిమా తీసినవాళ్ళ దగ్గరా ఉండదనే నా అనుమానం. ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్ళ కథలోకే రాలేదు.

క్వియర్ లఘు చిత్రాలు తీసేవాళ్ళు తమ గురించి చెప్పుకునే కథలు కూడా సినిమా కథల్లాగే ఒక మూసలో పడుతున్నాయి. ఎన్నాళ్ళో దాచుకున్నాను, స్నేహితులతో కలిసి తీశాను, మా అమ్మకు చూపించాను, ఆమె ఏడ్చింది, నన్ను దగ్గరకు తీసుకుంది. ఈ కథను ఎగతాళి చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1996లో రియాద్ వాడియా 'బాంగే' తీసిన నాటి నుంచి 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకేదాకా, ఈ దేశంలో ఇలాంటి సినిమా తియ్యడమంటే తమ మీద తామే సాక్ష్యం తయారు చేసుకున్నట్టుండేది. శ్రీధర్ రంగయన్ 'గులాబీ ఆయీనా'కు సెన్సారు సర్టిఫికెట్టే దొరకలేదు. అంత భయంలో బతికినవాళ్ళు తల్లి ఒడిని కోరుకోవడం సహజం. కానీ ఒక మనిషికి ఊరట ఇచ్చిన ముగింపు అందరి కథకూ ముగింపయి కూర్చుంటే ఒప్పుకోలేను.

మొదటి అభ్యంతరం తల్లి గురించే. ఈ సినిమాల్లో న్యాయమూర్తి స్థానంలో ఎప్పుడూ ఆమే ఎందుకు ఉంటుంది? తండ్రి పేపరు చదువుకుంటుంటాడు, లేదా ఊళ్ళో ఉండడు, లేదా గోడ మీద ఫోటో అయి ఉంటాడు. ఆస్తి ఎవరి పేరున ఉందో, పెళ్ళి ఎవరు కుదురుస్తారో, కులపెద్దలు ఎవరిని పిలిచి అడుగుతారో తెలిసిన మనం ఈ బొమ్మను నమ్మగలమా? మన ఇళ్ళల్లో కూతురు 'దారి తప్పితే' మొదటి దెబ్బ పడేది తల్లి మీద. "నువ్వు పెంచిన పెంపకం ఇదా" అన్న మాట వినని తల్లి ఎవరు? ఆమెకు లేని అధికారాన్ని తెర మీద ఆమెకు కట్టబెట్టి, ఆమె ఒప్పుకోకపోతే రాక్షసి అని, ఒప్పుకుంటే దేవత అని తేల్చడం పాత తెలుగు సినిమా చేసిన పనే. 'షీర్ ఖుర్మా'లో షబానా ఆజ్మీ ఎంత గొప్పగా నటించినా, కథ భారమంతా ఆ తల్లి గుండె మీదే మోపారు.

రెండోది ఇల్లు. పెద్దవూర నుంచి మిర్యాలగూడ ఎంతో దూరం కాదు. 2018 సెప్టెంబరు 14న అక్కడ ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి ఆస్పత్రి ముందు, గర్భిణిగా ఉన్న భార్య కళ్ళెదుట నరికి చంపారు. పోలీసులు ప్రధాన నిందితుడిగా చూపింది అమ్మాయి తండ్రిని. తీర్పు రాకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ హత్య తర్వాత సోషల్ మీడియాలో ఆ తండ్రిని కీర్తించినవాళ్ళు ఎంతమందో ఈ పత్రిక పాఠకులకు నేను గుర్తు చెయ్యనక్కరలేదు. కూతురి శరీరం కులం ఆస్తి అని నమ్మే ఇల్లు, ఆ కూతురు వేరే కులం అబ్బాయిని కోరితే ఏం చేస్తుందో చూశాం. అమ్మాయినే కోరితే మూడు కప్పుల కాఫీ కలుపుతుందా?

ఈ రెండు కాపలాలూ ఒకటేనని చెప్పిన సినిమాలు లేకపోలేదు. పా. రంజిత్ 2022లో 'నక్షత్రం నగర్గిరదు'లో పరువు హత్యల మీద నాటకం వేసే బృందంలోనే స్వలింగ ప్రేమికులనూ ట్రాన్స్ మహిళనూ కలిపి నిలబెట్టాడు. అది పెద్ద సినిమా. చిన్నవాటిలో నేను పెద్దవూరలో రెండోదిగా చూపించింది నీరజ్ ఘయ్వాన్ 'గీలీ పుచ్చీ'. 2021లో 'అజీబ్ దాస్తాన్స్' అనే నాలుగు కథల సంపుటిలో వచ్చింది. హిందీ మాటలు నేను తెలుగులో చెబుతూ పోయాను.

కొంకణా సేన్ శర్మ వేసిన భారతి ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పనిచేసే దళిత స్త్రీ. ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగానికి చదువూ అర్హతా ఉన్నాయి, అది మాత్రం ఆమెకు రాదు. కొత్తగా వచ్చిన బ్రాహ్మణ యువతి ప్రియకు వస్తుంది. ఇద్దరి మధ్య ప్రేమ మొలుస్తుంది. భారతి తన ఇంటిపేరు మండల్ అని కాక బెనర్జీ అని చెప్పుకుంది. నిజం తెలిసిన రోజు ప్రియ ముఖం మారుతుంది. చివరలో, ప్రియ ఇంట్లో అందరికీ పింగాణీ కప్పుల్లో టీ, భారతికి స్టీలు గ్లాసు. అక్కడ గదిలో ఎవరికీ నా అనువాదం అవసరం పడలేదు. టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్ళు ఇవి. "గిలాస వేరే వెట్టిన్రు సూడు" అని ఒకామె పక్కామెతో అంది, అంతే. భారతి మంచిది కాదు కూడా. ప్రియకు బిడ్డను కనమని సలహా ఇచ్చి, ఆ ఉద్యోగం తను సంపాదించుకుంటుంది. మా వాళ్ళు ఆమెను తప్పుపట్టలేదు. జీతం, కుర్చీ, కులం, కోరిక అన్నీ ఒకే కథలో ఉన్నాయి గనుక ఆ మనిషి వాళ్ళకు అర్థమైంది. తాను దళితుణ్ణని బాహాటంగా చెప్పుకున్న దర్శకుడు తీశాడు గనుక ఆ గ్లాసు కెమెరాకు కనబడింది.

"మాకు తెలిసిన జీవితమే తీస్తాం" అంటారు మన దర్శక మిత్రులు. న్యాయమైన మాటే. మోజెస్ తులసి హైదరాబాద్ స్వాభిమాన యాత్ర మీద 'వాకింగ్ ద వాక్' తీసినప్పుడు గదిలోంచి వీధిలోకి వచ్చాడు కదా. అక్కడి నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే పెద్దవూర ఎంతసేపు? ఇక్కడ సినిమా ఫోనులోనే చూస్తారు, ఫోను అన్న చేతిలో ఉంటుంది. ఆ ఇంటరు అమ్మాయిల్లో ఒకరు చెప్పింది, చూసినవన్నీ చెరిపేసి ఫోను తిరిగి ఇస్తానని. తను సినిమా చూసే తీరే ఒక సినిమా.

ఇక మన సంగతి. 1998 డిసెంబరులో 'ఫైర్' ఆడుతున్న థియేటర్లు పగలగొట్టినప్పుడు స్త్రీల సంఘాల్లో కొందరు నిలబడ్డారు. మరికొందరు వరకట్నం, సారా లాంటి సమస్యలుండగా ఇదెందుకన్నారు. అప్పుడు నేను చదువుకుంటున్నాను, ఆ రెండో మాటకే తలూపాను. పి. సత్యవతి తెలుగు చేసిన రేవతి ఆత్మకథ 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వస్తే చప్పట్లు కొట్టాం. ప్రేమించుకున్న ఇద్దరు ఆడవాళ్ళు మన ఆఫీసు తలుపు తడితే ఏం చేస్తామో మాత్రం మాట్లాడుకోలేదు. 2011లో నందిగ్రామ్‌లో ప్రాణం తీసుకున్న ఇద్దరు యువతుల శవాలను కుటుంబాలు తీసుకుపోలేదు. దేబలీన 'ఏబంగ్ బేవారిష్' ఆ బేవారసుతనం గురించే. తల్లి ఒడి దగ్గర ఆగిపోని సినిమా అది. ఇల్లు వదిలినవాళ్ళ మీద తల్లిదండ్రులు వేసే హెబియస్ కార్పస్ కేసుల్లో, వాళ్ళ మనసు మార్చే కౌన్సెలింగు చెయ్యొద్దని 2024 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాగితం మన జిల్లాలో ఏ స్టేషను బల్ల మీద పెట్టాలన్నా, పట్టుకుపోవాల్సింది మనమే.

ఆ రాత్రి కిరాయి సంగతి అడిగినామెతో, ఈ గదిలో ఒక చాప వేస్తే ఇద్దరు పడుకోవచ్చు కదా అన్నాను. "సంఘం అడగాలె" అంది. గది తాళం సంఘం అధ్యక్షురాలి దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి ఎవరైనా వస్తే తలుపు తియ్యాలా వద్దా అనేది వచ్చే సమావేశంలో మొదటి అంశంగా రాయించి వచ్చాను.