పరీక్ష వద్దన్నంత మాత్రాన మనిషిని చూడనక్కర్లేదా?

"కొత్త మాత్రలొచ్చాయి, ఇక వార్ఫరిన్ తిప్పలు లేవు. మాటిమాటికీ ఐఎన్ఆర్ చూడక్కర్లేదు, అందరికీ ఒకటే డోసు." రక్తం పల్చబడే మందుల గురించి న్యూజిలాండ్‌లోని మనవాళ్లలో ఈ ధీమా బాగా పాతుకుపోయింది. రక్తం గడ్డకట్టే వేగాన్ని కొలిచే ఆ ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేదన్నది నిజం. అందరికీ ఒకటే డోసన్నది అబద్ధం, ప్రాణం మీదికి తెచ్చే అబద్ధం.

ఈ దేశానికి ఆ సంగతి ఎప్పుడో తెలిసొచ్చింది. 2011 జూలైలో ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగట్రాన్‌కు ప్రభుత్వ మందుల సంస్థ ఫార్మాక్ సబ్సిడీ ఇచ్చింది. ప్రత్యేక అనుమతి లేకుండా ఏ జీపీ అయినా రాయొచ్చు. కొద్ది నెలల్లోనే రక్తస్రావంతో రోగులు ఆసుపత్రులకు రాసాగారు. పాల్ హార్పర్, మరి కొందరు ఇక్కడి హెమటాలజిస్టులు ఆ కేసులను పరిశీలించి 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. వాళ్లు చూపిన కారణాలు నాలుగు: మందు రాయడంలో పొరపాట్లు, కిడ్నీల బలహీనత, పైబడిన వయసు, అప్పటికి విరుగుడు లేకపోవడం. ఆ మందును నిలబెట్టిన పెద్ద ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల సగటు బరువు 80 కిలోల పైమాటే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లను అందులో చేర్చుకోనేలేదు. బక్కపలచని ముసలమ్మలకు ఆ ఫలితాలు ఎలా అతుకుతాయి?

డాబిగట్రాన్‌లో దాదాపు 80 శాతం కిడ్నీల గుండానే బయటికి పోతుంది. ఇద్దరికి క్రియాటినిన్ 90 వచ్చిందనుకుందాం. ఒకరు 85 కిలోల 65 ఏళ్ల మగమనిషి, ఇంకొకరు 48 కిలోల 82 ఏళ్ల ఆడమనిషి. వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో లెక్క కడితే, కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, అంటే క్లియరెన్సు, ఆయనకు 87, ఆమెకు 32. ముప్పై దాటి కిందికి పోతే ఈ మందే వాడకూడదు. ఎనభై దాటిన ఆమెకు డోసూ తగ్గాలి. ల్యాబ్ రిపోర్టులో కిడ్నీల పనితీరు అంచనాగా వచ్చే ఈజీఎఫ్ఆర్‌లో బరువు ఊసే ఉండదు గనక, అది ఒక్కటే చూస్తే ఆమె కిడ్నీలు ఉన్నదానికన్నా మెరుగ్గా కనబడతాయి.

పిల్లల దగ్గరికి ఆక్లాండ్ వచ్చే మన అమ్మానాన్నల్లో చాలామంది ఆమె లాంటివాళ్లే: చిన్న ఒళ్లు, ఏళ్ల తరబడి షుగరు, బ్యాగులో ఇండియా మాత్రలు.

"అయితే భయమెందుకు, డోసు తగ్గించేస్తే సరి" అనేవాళ్లతోనూ నాకు పేచీయే. లెక్క లేకుండా తగ్గిస్తే రక్తపు గడ్డలతో వచ్చే పక్షవాతం పొంచి ఉంటుంది. మాత్ర సొంతంగా ఆపేయడం అంతకన్నా ముప్పు.

వార్ఫరిన్‌ను చాదస్తమని కొట్టిపారేయడమూ అన్యాయమే. సీవైపీ2సీ9, వీకేఓఆర్‌సీ1 జన్యువులను బట్టి, తినే ఆకుకూరలను బట్టి, వాడే ఇతర మందులను బట్టి ఒకరి డోసు ఇంకొకరికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఇక్కడి ఫార్మసీల్లో వేలికొనను గుచ్చి చూసే ఐఎన్ఆర్ ఆ తేడాను కళ్లముందు పెట్టేది. కొత్త మందుల్లో తేడాలు పోలేదు, వాటిని చూపించే అంకె పోయింది. కాబట్టి డాక్టరే వెతికి చూడాలి.

నా డిమాండు చిన్నదే. ప్రిస్క్రిప్షన్‌లో డోసు పక్కనే బరువు, క్లియరెన్సు, ఆ లెక్క కట్టిన తేదీ ఉండాలి. పెద్దవాళ్లకు వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, కొత్త మందు ఏది మొదలైనా ఆ లెక్క మళ్లీ కట్టాలి.