స్కానింగ్‌లో చీలిక ఉంటే ఆపరేషన్ తప్పదా?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. కుటుంబానికి ఏడాదికి రూ.2.5 లక్షల వరకు వైద్య ఖర్చు బీమా సంస్థల ద్వారా, ఆపైన రూ.25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు ద్వారా అందించాలన్నది ఇందులోని ఆలోచన. ఖర్చు భయం తగ్గడం మంచిదే. అయితే డబ్బు అడ్డం లేనప్పుడు ‘ఈ ఆపరేషన్ నిజంగా అవసరమా?’ అని అడగడం మరచిపోకూడదు. మోకాలి విషయంలో ఇది మరీ ముఖ్యం.

పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్లలో మోకాలు నొప్పి అనగానే ‘గుజ్జు అరిగింది’ అనేస్తారు. అరిగే మృదులాస్థి వేరు, మెనిస్కస్ వేరు. తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య నెలవంకల్లాంటి రెండు మెత్తలే మెనిస్కస్‌లు. ఒంటి బరువును పంచి, కుదుపును తట్టుకునేవి ఇవే. కబడ్డీ ఆడేటప్పుడు పాదం నేలకు ఆని ఉండగా మోకాలు మెలితిరిగితే కుర్రవాళ్లలో ఇవి చిరుగుతాయి. నడివయసు దాటాక దెబ్బ తగలకుండానే పీలికలవుతాయి. ఎమ్మారై రిపోర్టులో రెండింటికీ ‘టేర్’ అనే రాస్తారు. చికిత్స మాత్రం ఒకటి కాదు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50-90 ఏళ్లవారు 991 మందిని పరీక్షించిన అధ్యయనం 2008లో వెలువడింది. చీలిక ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పి గానీ, బిగుతు గానీ లేవు. 2013లో ప్రచురితమైన ఫిన్లాండ్ పరిశోధనలో 35-65 ఏళ్ల వయసున్న 146 మందిని తీసుకున్నారు. అందరికీ అరుగుదలతో వచ్చిన చీలికే, కీళ్లవాతం లేదు. సగం మందికి చిరిగిన ముక్కను కత్తిరించారు, మిగతావారికి కత్తిరించినట్టు నటించారు. ఏడాది తర్వాత ఇద్దరిలోనూ ఉపశమనం ఇంచుమించు ఒకటే.

కత్తిరించిన మెత్త తిరిగి పెరగదు. అది తీసేసిన మోకాళ్లలో వచ్చే మార్పులను ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ వైద్యుడు 1948లోనే ఎక్స్‌రేల్లో చూపారు. బరువంతా ఎముకల మీద పడి అరుగుదల త్వరగా మొదలవుతుంది.

కుట్టు ఎప్పుడు?

మెనిస్కస్ బయటి అంచుకే రక్తం బాగా అందుతుంది. అక్కడి తాజా చీలికను కుడితే అతుక్కునే అవకాశం ఎక్కువ. అందుకే పిల్లలు, యువకుల్లో వీలైనంతవరకు కత్తిరించకుండా కుట్టాలి. మోకాలు చాపలేనట్టు పట్టేసినా, నేల మీంచి లేస్తుండగా వెనకవైపు ‘టప్’మని నొప్పి మొదలైనా ఆలస్యం చేయొద్దు. రెండోది మెనిస్కస్ వేరు ఊడటం కావచ్చు. నడివయసులోనూ దీన్ని కుట్టాల్సి రావచ్చు.

మార్పిడి ఎవరికి?

మరణించిన దాత నుంచి సేకరించిన మెనిస్కస్‌ను అమర్చడం 1984లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. మన దేశంలో 2011 సవరణతో అవయవ మార్పిడి చట్టం కణజాలాలకూ వర్తించింది. మెనిస్కస్ దాదాపు పూర్తిగా పోయి, నొప్పి తగ్గని యువతకే ఇది పనికొస్తుంది. లిగమెంట్లు గట్టిగా ఉండాలి, కాలు వంకర ఉండకూడదు, కీలు అరిగిపోయి ఉండకూడదు. కీళ్లవాతం ముదిరిన పెద్దలకు ఇది మందు కాదు.

మెల్లగా మొదలైన నొప్పికి ముందు మూడు నెలలు తొడ కండరాల వ్యాయామాలు, ఫిజియోథెరపీ, బరువు తగ్గడం ప్రయత్నించాలి. గొంతుక్కూర్చోవడం మానాలి. అలిపిరి మెట్లు 3,550. మొక్కు ఉంటే నొప్పి తగ్గాకే ఎక్కండి, దిగడానికి బస్సు మేలు.

ఆపరేషన్ అంటే డాక్టరును మూడు మాటలు అడగండి: ఇది దెబ్బ వల్ల వచ్చిన చీలికా, వయసు వల్ల వచ్చినదా? కుడతారా, కత్తిరిస్తారా? ఆగి చూస్తే నష్టమేమిటి? జవాబు తేలకపోతే రిపోర్టులు తీసుకుని తిరుపతిలో రుయాకో, బర్డ్‌కో వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోండి. మోకాలు పట్టేయనప్పుడు, వేరు ఊడలేదని తేలినప్పుడు అందుకు సమయం ఉంటుంది.