ఇష్టముంటే రా, లేకపోతే మానుకో - ఇదేనా స్వేచ్ఛ?

కృష్ణా డెల్టాలో ఒక ఊరు. ఊడ్పుల కాలం. కూలి రేటు మాట్లాడటానికి సంఘం తరఫున మేము వెళ్లాం. రచ్చబండ దగ్గర కామందులు ఒక పక్క, కూలీలు ఒక పక్క కూర్చున్నారు. పట్నంలో పెద్ద చదువు చదివొచ్చిన ఒక కామందు కొడుకు లేచాడు. "ఇందులో సంఘం ఎందుకండీ? సర్కారు రేటు ఎందుకండీ? నేనిచ్చే కూలి ఇష్టమైతే వస్తారు, లేకపోతే మానేస్తారు. నేనెవర్నీ తాడేసి లాక్కెళ్లడం లేదుగా!" అన్నాడు.

కూలీల్లోంచి ఒకామె వెంటనే అందుకుంది: "మీరు తాడు వెయ్యక్కర్లేదు బాబూ, వెలగని పొయ్యే మమ్మల్ని లాక్కొస్తుంది."

ఆ కుర్రవాడి మాట అతని సొంతం కాదు. దాని వెనక ఒక తత్వశాస్త్రమే ఉంది. దాన్ని లిబర్టేరియనిజం అంటారు, మన భాషలో స్వేచ్ఛావాదం. "బూర్జువా సిద్ధాంతం" అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే మన కార్యకర్తలకు జవాబు చిక్కదు. అదేమిటో తెలుసుకోవాలి.

అది చెప్పేదేమిటి?

మనిషి శరీరానికి ఆ మనిషే యజమాని. కనుక అతని శ్రమ అతనిదే. శ్రమపడి సంపాదించింది కూడా అతనిదే. ఇష్టపడి అమ్మితే, ఇస్తే చెల్లుతుంది. బలవంతంగా తీసుకుంటే, తీసుకున్నది దొంగైనా సర్కారైనా, అది దోపిడీయే. ప్రభుత్వం దొంగల నుండి, దౌర్జన్యం నుండి, మోసం నుండి కాపాడాలి, ఒప్పందాలు అమలు చెయ్యాలి. అంతకుమించి చెయ్యకూడదు. 1974లో అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ రాసిన పుస్తకం ఈ వాదానికి మూలస్తంభం. సంపాదన మీద పన్ను వెయ్యడం వెట్టి చేయించుకోవడంతో సమానమని అందులో వాదించాడు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెలను అడిగితే చెబుతాయి!

ఈ వాదంలో నిజం లేదని మేము అనం. పోలీసు జులుం, నిర్బంధ సైనిక సేవ, కంపెనీల కోసం సర్కారు భూములు గుంజుకోవడం - వీటిని వాళ్లూ వ్యతిరేకిస్తారు, మనమూ వ్యతిరేకించాం. అసలు ఆ పేరే మొదట మనవైపు వాళ్లది. 1858లో న్యూయార్కులో ఫ్రెంచి భాషలో ఆ పేరుతో పత్రిక పెట్టిన జోసెఫ్ దెజాక్ సొంత ఆస్తినే వద్దన్న అరాచకవాది. తర్వాతి శతాబ్దంలో ఆ పేరు ఆస్తిపరుల చేతికి పోయింది.

పాలేరు కోసిన గడ్డి ఎవరిది?

శ్రమ కలిపితే ఆస్తి అవుతుందన్న మాట 1689 నాటి ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ ది. వినడానికి అది మన నినాదంలాగే ఉంది, దున్నేవాడిదే భూమి అన్నట్టు. కానీ లాక్ అక్కడే ఇంకో మాట కలిపాడు: నా గుర్రం మేసిన గడ్డి, నా పాలేరు కోసిన పచ్చిక నాదే అని. చూశారా! గుర్రం, పాలేరు ఒకే వరసలోకి వచ్చారు. శ్రమ పాలేరుది, ఆస్తి యజమానిది. ఇతరులకు చాలినంత, అంత మంచిదే మిగిలేటట్టయితేనే భూమిని సొంతం చేసుకోవాలని కూడా లాక్ అన్నాడు. ఆ షరతు మన ఊళ్లలో పెడితే ఎన్ని దస్తావేజులు నిలుస్తాయి?

ఇష్టం అంటే ఏమిటి?

అసలు మెలిక ఇక్కడుంది. ఒకడి ముందు రెండే దారులున్నాయనుకోండి: ఇచ్చిన కూలికి పోవడం, పస్తులుండటం. అతను కూలికి పోతే అది ఇష్టపూర్వకమేనా? అవతలివాళ్లు తమ హక్కుల పరిధిలోనే నడుచుకుని ఉంటే ఇష్టపూర్వకమే అంటాడు నోజిక్. అంటే ప్రశ్న ఆకలి నుండి జరిగి హక్కు మీదికి పోయింది. మంచిది, అక్కడికే పోదాం. ఆ హక్కు ఎలా వచ్చింది? ఆస్తి మొదట న్యాయంగా వచ్చి ఉండాలి, న్యాయంగా చేతులు మారి ఉండాలి, అన్యాయం జరిగి ఉంటే సరిదిద్దాలి - ఇవి నోజిక్ చెప్పిన సూత్రాలే. గతంలో జరిగిన అన్యాయాలు పెద్దవైతే వాటిని సరిదిద్దడానికి కొంతకాలం పెద్ద ప్రభుత్వమే అవసరం కావచ్చని కూడా ఒప్పుకున్నాడు. దళితుణ్ణి తరతరాలు భూమికి దూరంగా ఉంచిన కులాన్ని ఏ ఒప్పందం కింద రాద్దాం? దొరలు అప్పు పేరుతో కలిపేసుకున్న చెలకల్ని ఏ ఖాతాలో వేద్దాం? వాళ్ల తక్కెడలోనే తూచినా భూసంస్కరణ న్యాయమే అవుతుంది. ఆ తక్కెడను గతం మీద మాత్రం ఎత్తరు, అదే చిక్కు.

ఈ వాదం కోర్టుకెక్కితే

న్యూయార్కు రాష్ట్రం 1895లో రొట్టెల బట్టీల్లో పనివాళ్లకు రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని ఉండకూడదని చట్టం చేసింది. 1905లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎందుకు? ఎక్కువ గంటలు పనిచేసే ఒప్పందం చేసుకోవడం పనివాడి "స్వేచ్ఛ"ట! ఆ స్వేచ్ఛ కావాలని బట్టీ ముందు నిలబడి గోల చేసింది పనివాళ్లు కాదు. కేసు నడిపింది బట్టీ యజమాని.

మన దగ్గరా ఈ గాలి వీచింది. 1959లో కాంగ్రెసు నాగపూరు తీర్మానం భూపరిమితిని, సహకార సేద్యాన్ని ప్రకటించగానే స్వతంత్ర పార్టీ పుట్టింది. రాజాజీ దానికి పెద్ద దిక్కు, మన గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా అధ్యక్షుడు. రంగా జమీందారీకి వ్యతిరేకంగా రైతుల్ని కదిలించిన మనిషే, దాన్ని మేము కాదనం. కానీ రైతు స్వేచ్ఛ గురించి మాట్లాడిన ఆ పార్టీ దృష్టిలో పొలమున్నవాడే రైతు. పొలం లేనివాడి స్వేచ్ఛ గట్టు మీదే నిలబడిపోయింది. 2023లో అర్జెంటీనా అధ్యక్షుడిగా గెలిచిన హవియర్ మిలే ఎన్నికల సభల్లో మోటారు రంపం పట్టుకుని ప్రభుత్వాన్ని నరుకుతానన్నాడు. ఆ రంపం ముందు పడేది ఎవరి మీదో మనం ఆలోచించాలి.

మన స్వేచ్ఛ

ఆ ఊళ్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. "ఇష్టం లేకపోతే మానెయ్యమన్నారుగా, మానేస్తున్నాం" అని మర్నాడు కూలీలంతా కలిసి మానేశారు. ఎవర్నీ కొట్టలేదు, ఎవరి పొలానికీ అడ్డం పోలేదు. పుస్తకంలోని స్వేచ్ఛావాది ఇందులో తప్పు పట్టలేడు. ఒక్కడు మానేస్తే అది ఒప్పందం, అందరూ మానేస్తే దౌర్జన్యం అయింది మన కామందులకు! అంతవరకు సర్కారు వద్దన్న నోటితోనే పోలీసుల్ని పిలిపిస్తామన్నారు. పక్క ఊరి నుండి కూలీల్ని దింపారు. మనవాళ్లు వాళ్ల మీద కలియబడలేదు, కూర్చోబెట్టి మాట్లాడారు. వాళ్లలో సగం మంది వెనక్కి పోయారు, సగం మంది నాట్లేశారు. వాళ్ల ఇంట్లోనూ పొయ్యి వెలగాలి మరి. నారు ముదిరిపోతుంటే కామందులు దిగొచ్చారు. మేమడిగినంత రాలేదు, వాళ్లిస్తామన్న దానికంటే ఎక్కువే వచ్చింది.

కాదు అనగలగడమే స్వేచ్ఛ. ఇంట్లో పది రోజుల గింజలు ఉన్నవాడు పది రోజులు కాదనగలడు. అందుకే మనం భూమి అడుగుతాం, చట్టంలో కనీస కూలి అడుగుతాం, పని హామీ అడుగుతాం, సంఘం పెట్టుకుంటాం. ఇవి స్వేచ్ఛకు అడ్డం కాదు. ఆ బాబు "మానెయ్యి" అన్నప్పుడు ఆ తల్లి నిజంగా మానెయ్యగలగాలి. ఆ రోజు వచ్చాక స్వేచ్ఛ గురించి అతనితో సరిసమానంగా కూర్చుని మాట్లాడతాం.