ముఖచిత్రంపై మన బిడ్డ, రచయితల జాబితాలో ఎవరు?

అంతర్జాతీయ అభివృద్ధి సంస్థల నివేదికలు తిరగేసిన వారికి ఒక దృశ్యం పరిచితమే. ముఖచిత్రంపై బురఖా ధరించిన స్త్రీయో, తలపై దుపట్టా కప్పుకున్న బాలికో కనిపిస్తుంది. లోపలి పేజీల్లో ఆమె పేదరికం, అనారోగ్యం, నిరక్షరాస్యత అంకెలుగా మారతాయి. ఆ నివేదికను రాసినవారి జాబితాలో మాత్రం ఆమె వంటి వారి పేరు అరుదు. లింగ సమానత్వం పేరిట ఇన్ని సభలు, ఇన్ని పథకాలు నడుస్తుండగా ఆమె ఇంకా లబ్ధిదారుగానే ఎందుకు మిగిలిపోయిందని మేము అడుగుతున్నాము.

తీర్మానాలకు కొరత లేదు. 1995లో బీజింగ్ మహిళా సదస్సు ఈ లక్ష్యాన్ని ప్రపంచం ముందుంచింది. ఏ కార్యక్రమం తలపెట్టినా అది స్త్రీలపై, పురుషులపై ఎలాంటి ప్రభావం చూపుతుందో ముందే పరిశీలించాలని 1997లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి నిర్వచించింది. విదేశాలకు అభివృద్ధి సాయం ఇచ్చే ముందు లింగ అసమానతను తగ్గించే అంశాన్ని దృష్టిలో ఉంచుకోవాలని బ్రిటన్ 2014లో చట్టమే చేసింది. కాగితంపై ఇంతకన్నా కోరవలసింది లేదు. ఆ కాగితాన్ని ఆచరణలో పెట్టే నిపుణులు ఎక్కడినుంచి వస్తున్నారన్నదే ప్రశ్న.

వారిలో చాలామంది వృత్తిపరమైన ఫెలోషిప్పుల గుండా వస్తారు. కొన్నేళ్ల ఉద్యోగానుభవం గలవారిని కొంతకాలం విదేశీ విశ్వవిద్యాలయంలోనో సంస్థలోనో ఉంచి, శిక్షణ, పరిచయాలు కల్పించి తిరిగి పంపే ఏర్పాటు ఇది. 1978లో ఆరంభమైన అమెరికా హంఫ్రీ ఫెలోషిప్పు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. డిగ్రీతో పాటు కనీసం ఐదేళ్ల పూర్తికాల వృత్తి అనుభవం ఉన్నవారికి పది నెలల అవకాశం దక్కుతుంది. తిరిగివచ్చినవారు ఆపై పథకాలు రాసే కుర్చీల్లో కూర్చుంటారు.

మాలో కొందరం జీవితకాలం దస్త్రాల మధ్య గడిపినవారము. ఒక పథకం ఎవరికి అందుతుందో అర్హతల పేరాలోనే తేలిపోతుందని మాకు తెలుసు. ‘పూర్తికాల వృత్తి అనుభవం’ అన్న మూడు మాటలను చూడండి. డిగ్రీ చదివి, పదేళ్లుగా తన బస్తీలో కుట్టు కేంద్రం నడుపుతూ, కుటుంబ తగాదాలు పరిష్కరిస్తూ, వితంతువుల పింఛన్ల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే యువతికి అనుభవ ధ్రువపత్రం ఇచ్చే యజమాని ఎవరు? ఇంటింటికీ తిరిగి గర్భిణులను ఆసుపత్రికి చేర్చే ఆశా కార్యకర్త సైతం సర్కారు లెక్కలో ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. జీతం లేని పనిని పనిగా గుర్తించాలని బోధించే రంగమే తన దరఖాస్తు ఫారంలో ఆ పనిని గుర్తించదు! దీనికి ఆంగ్ల పరీక్ష, వెంట వచ్చే పిల్లల ఖర్చు కలిస్తే గడప మరింత ఎత్తవుతుంది.

వారు లేకుండా రాసిన పథకాల ఫలితం మనం చూడనిది కాదు. స్త్రీల పేరిట అప్పు ఇవ్వడమే సాధికారత అని చాటిన సూక్ష్మరుణ వ్యవస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడికి చేరింది? వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. రుణగ్రహీతల పట్టికలో స్త్రీల సంఖ్య ఘనంగానే ఉంది. షరతులు నిర్ణయించిన చోట ఆ స్త్రీలు లేరు.

మన దేశపు ఏర్పాట్లూ ఇంతే. ముస్లింల స్థితిగతులపై 2006లో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ సభ్యులు ఏడుగురు. అందులో ఒక్క స్త్రీ లేదు. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకులకు ఉద్దేశించి, స్త్రీలకు 30 శాతం కేటాయించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022–23 నుంచి నిలిపివేసినట్లు కేంద్రం లోక్‌సభలోనే చెప్పింది. ఇతర పథకాలతో అతివ్యాప్తి అని కారణం చూపింది. విదేశీ ఫెలోషిప్పుకు ఎక్కవలసిన నిచ్చెనలో కింది మెట్టును తీసేసి, పైన ఎవరూ కనిపించడం లేదేమని వాపోవడం న్యాయమా?

‘ఇది సాధ్యమయ్యే పని కాదు’ అనేవారికి ఫోర్డ్ ఫౌండేషన్ అంతర్జాతీయ ఫెలోషిప్పులే జవాబు. 2001 నుంచి 2013 వరకు 22 దేశాలలో వెనుకబడిన వర్గాలకు చెందిన 4,300 మందికి పైగా దాని ద్వారా ఉన్నత చదువులు చదివారు. వారిలో దాదాపు సగం మంది స్త్రీలు. వయోపరిమితి పెట్టలేదు. ఎంపిక స్థానికంగా జరిగింది. వెళ్లేముందే భాషా శిక్షణ ఇచ్చారు. గడప తగ్గించినంత మాత్రాన ప్రతిభ తగ్గలేదు.

ఇక మన ఇళ్ల మాట. రియాద్‌కో, దుబాయ్‌కో, చికాగోకో కొడుకును పంపడానికి నగలు కుదువపెట్టే కుటుంబాలు, కూతురికి పది నెలల శిక్షణ వచ్చిందంటే ‘నలుగురు ఏమంటారు’ అంటాయి. ‘లింగ సమానత్వం పాశ్చాత్యుల ఎజెండా’ అనే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. వారికి మా మనవి ఒకటే. ఎజెండా రాసే బల్ల దగ్గర మన ఆడబిడ్డ లేనంతకాలం అది ఇతరుల ఎజెండాగానే ఉంటుంది. ఆమెను ఇంట ఆపి, అక్కడ మన మాట వినడం లేదని నిందించే హక్కు మనకు లేదు.

కాబట్టి మేము కోరేది స్పష్టం. ఫెలోషిప్పు సంస్థలు జీతం లేని సామాజిక సేవను అనుభవంగా పరిగణించి, స్థానిక సంఘాల ధ్రువీకరణను అంగీకరించాలి. పిల్లల తల్లులకు భత్యం ఇవ్వాలి. ఎంపికకు ముందే భాషా శిక్షణ ఏర్పాటు చేయాలి. కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును పునరుద్ధరించాలి. అల్పసంఖ్యాక విద్యార్థుల విదేశీ చదువులకు ఆర్థిక సాయం చేస్తున్న తెలంగాణ ప్రభుత్వం, ఉద్యోగంలో, సేవలో ఉన్న స్త్రీల స్వల్పకాలిక శిక్షణకూ దానిని విస్తరించాలి. మన సంఘాలు తమ కార్యవర్గాల్లో స్త్రీలకు చోటిచ్చి, వారి సేవకు తేదీలతో, సంతకంతో నమోదు ఉంచాలి. ఈ చివరి పనికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు. ఈ నెలలోనే ఒక రిజిస్టరు తెరిస్తే చాలు.