ఇంట్లో ఆరుగురు, కారులో అయిదు సీట్లు

పెందుర్తిలో ఎవరింటికైనా కొత్త కారొస్తే ఆ సంగతి వీధంతటికీ తెలుస్తుంది. సంపత్ వినాయగర్ గుడి ముందు పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయతో దిష్టి, మర్నాడు సింహాచలంలో అప్పన్న దర్శనం, ఇంటికొచ్చాక ఇరుగూపొరుగుకి మిఠాయిలు. అదే కారుని రెండేళ్ళు తిరక్కముందే అమ్మాల్సి వస్తే మాత్రం చడీచప్పుడూ ఉండదు. చూడ్డానికొచ్చేవాళ్ళని చీకటిపడ్డాక రమ్మంటాం. బండేదని ఎవరైనా అడిగితే సర్వీసింగ్‌కి ఇచ్చామంటాం. "ఏటి బాబూ, కారమ్మేసినారట, ఏటైనా ఇబ్బందా?" అని పక్కింటి పెద్దాయన అడుగుతాడేమోనని జడిసి, అమ్మక తప్పని బండిని నెలల తరబడి గుమ్మం ముందే నిలబెట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఈ సంచికలో ఈ పేజీ వాళ్ళ కోసం.

ఇక్కడ అమెరికాలో మన సంఘం సభ్యుల ఇళ్ళల్లో ఇది తరచూ జరిగేదే. ఉద్యోగం కుదురుకున్నాక ముచ్చటపడి ఒక బీఎండబ్ల్యూయో టెస్లాయో కొంటారు. రెండో కాన్పుకి ఊరి నుంచి అమ్మానాన్న వస్తారు. పసిబిడ్డని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళాలంటే ముందు బిడ్డ సీటు కారులో బిగించి ఉండాలి. పెద్దపిల్లకో సీటు, చంటివాడికో సీటు పెట్టాక వెనక మధ్యలో మిగిలేది జానెడు చోటు. తాతయ్య ఎక్కడ కూర్చోవాలి, అమ్మమ్మ ఎక్కడ కూర్చోవాలి? కొన్నాళ్ళకి ఆ ఇంటి ముందు టొయోటా సియెన్నాయో హోండా ఒడిస్సీయో కనబడుతుంది. ఇక్కడ ఎందుకమ్మావని ఎవరూ అడగరు. అయినా ఆ కుర్రాడే పెందుర్తిలో ఉన్న మేనమామకి వీడియో కాల్ చేసినప్పుడు, వెనకున్న వ్యాన్ కనబడకుండా ఫోన్ పక్కకి తిప్పుకుంటాడు. సముద్రాలు దాటి వచ్చినా ఆ ఒక్క ప్రశ్న మాత్రం మన వెంటే వచ్చింది.

సుజాతనగర్‌లో ఉండే మా తమ్ముడి ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. జర్మన్ కంపెనీ సెడాన్, ఫస్ట్ ఓనర్, కంపెనీ వారంటీ ఇంకా ఉంది, లోపల కొత్త వాసన కూడా పోలేదు. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మా అమ్మా నాన్నా. వెనక సీటు మధ్యలో నేల ఎత్తుగా గట్టులా ఉంటుంది, ఇంజను నుంచి వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టు దాని కిందనే ఉంటుంది కాబట్టి. అక్కడ కూర్చున్నవాళ్ళు కాళ్ళు చెరో పక్కకీ పెట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ వేపగుంట దాటేసరికే ఇబ్బంది పడేది. డిక్కీ తెరిస్తే సగం స్టెప్నీయే. చంటిపిల్ల ఉయ్యాల పెడితే సంచీ పట్టదు, సంచీ పెడితే ఉయ్యాల పట్టదు. ఇంత ఖరీదు పెట్టి కొన్న బండిలో చోటు చాలక, పిల్ల అన్నప్రాశనకి సింహాచలం వెళ్ళిన రోజున మా నాన్న "మీరు పదండి, నేనొస్తాన్లే" అని వెనకాల ఆటోలో వెళ్ళారు. ఆయన ఏమీ అనుకోలేదు. మా తమ్ముడు మాత్రం ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, బండి అమ్మేస్తున్నానన్నాడు.

అమ్మాలనుకున్న ఆ రాత్రికీ నిజంగా అమ్మిన రోజుకీ మధ్య చాలా కాలం గడిచింది. "జనం ఏమనుకుంటారు?" అన్నది ఒక అడ్డు, "పెట్టిన డబ్బు వెనక్కి రాదు" అన్నది ఇంకో అడ్డు. మొదటి అడ్డుని మా నాన్నే తీసేశారు. ఎవరూ అడక్కముందే వీధిలో తనే చెప్పడం మొదలుపెట్టారు: "మనవలు పుట్టారు, కారు చాల్లేదు, అమ్మేసి పెద్దది తీసుకుంటన్నాం." అంతే, అడగడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. దాచిన సంగతి చుట్టూ నలుగురూ చేరతారు గానీ, ఇంటి పెద్ద నోటితో చెప్పిన మాట చుట్టూ ఎవరూ చేరరు. మన ఇళ్ళల్లో పెద్దలు చేయగల గొప్ప సాయాల్లో ఇదొకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లగ్జరీ కారు ధరలో కంపెనీకి వెళ్ళేదొక భాగం, ప్రభుత్వానికి వెళ్ళేది ఇంకో పెద్ద భాగం. లైఫ్ టాక్స్ ఒక్కసారే కట్టేస్తాం, అమ్మినప్పుడు అది మన చేతికి రాదు. బీమా లెక్కల్లోనే బండి విలువ ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్ళు దాటితే 30 శాతం తగ్గుతుంది. బజారులో లగ్జరీ బళ్ళకి తరుగు సాధారణంగా ఇంతకంటే ఎక్కువే. వారంటీ దాటిన జర్మన్ బండి సర్వీసు ఖర్చు తలుచుకుని కొనేవాళ్ళు వెనకాడతారు కాబట్టి, వారంటీ ఉండగానే వచ్చే ధర వేరు, దాటాక వచ్చే ధర వేరు. దీనికితోడు 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. అంతకుముందు పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన సెస్సు, అన్నీ కలిసి 50 శాతం దాకా పడేది. ఇప్పుడు సెస్సు తీసేసి 40 శాతం చేశారు. కొత్త బండి ధర లక్షల్లో తగ్గింది. దాంతో ఆ తేదీకి ముందు కొన్నవాళ్ళ బండి విలువ ఇంట్లో కదలకుండా ఉండగానే పడిపోయింది.

ఇందులో అమ్మేవాడి తప్పేమీ లేదు. కానీ "కొన్న ధరకి దగ్గరగా వస్తేనే ఇస్తా" అని కూర్చుంటే, పోయిన డబ్బు రాకపోగా ఉన్న విలువ కూడా నెలనెలా కరుగుతుంది. అమ్మాలని తేలిపోయాక ఆగకుండా అమ్మడమే మేలు. కొన్నందుకు సిగ్గుపడాల్సిన పనీ లేదు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరే ఉన్నప్పుడు కష్టపడి సంపాదించి ఇష్టపడ్డ బండి కొనుక్కున్నారు, ఆ రెండేళ్ళ సంతోషం వాళ్ళది. ఆ లెక్క వేరు, ఇప్పటి అవసరం వేరు.

అన్నిటికంటే ముఖ్యమైనది భద్రత. మన వైపు ఆరో మనిషి ఒళ్ళో కూర్చుంటాడు, చంటిపిల్ల ముందు సీట్లో తల్లి ఒడిలో ఉంటుంది. పెందుర్తి రోడ్లు పాతకాలం రోడ్లయినప్పుడు ఇది చెల్లిపోయిందేమో. ఇప్పుడు ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి దాకా ఆరు వరసల రోడ్డు, బళ్ళు ఏ వేగంతో పోతున్నాయో చూస్తున్నాం. యాభై కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నా పది కిలోల బిడ్డని పట్టి ఆపే బలం ఏ తల్లి చేతులకీ లేదు. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే బిడ్డకి ప్రాణాంతకం. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన మెర్సిడెస్‌లోనే. వెనక సీట్లో కూర్చున్నాయన బెల్టు పెట్టుకోలేదు. లగ్జరీ కారుకి మనం పోసిన డబ్బులో కొంత భద్రతకి పోతుంది, ఆ భద్రత బెల్టు పెట్టుకున్నవాళ్ళకి మాత్రమే. అయిదు బెల్టులున్న బండిలో ఆరో మనిషికి అందులో ఏమీ దక్కదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా వెయ్యే కదా అనుకునే తల్లిదండ్రులు మనలో ఉండరని నమ్ముతున్నాను.

పాతది ఉంచుకుని ఇంకో చిన్నది కొనొచ్చు కదా అనేవాళ్ళున్నారు. పెందుర్తి సందుల్లో రెండు బళ్ళు పెట్టే చోటు ఎంతమందికి ఉంది? రెండు బీమాలు, రెండు సర్వీసులు, పైగా గుడికి ఇంట్లోవాళ్ళు విడివిడిగా వెళ్ళడం.

ఏడు సీట్ల బండి కొనేటప్పుడు మన ఇళ్ళకి సంబంధించిన ఒక చిక్కుంది, షోరూములో ఎవరూ చెప్పరు. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు చాలా బళ్ళలో రెండో వరసలోనే ఉంటాయి. పిల్లలిద్దరూ అక్కడ కూర్చుంటే అమ్మానాన్న మూడో వరసలోకి పోవాలి. ఆ వరసలోకి వంగి ఎక్కాలి, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు తల తిరుగుతుంది. అందుకని టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్ళండి, పిల్లల సీట్లు కూడా పట్టుకెళ్ళి బిగించి చూడండి. అమ్మ తనంతట తాను ఎక్కి దిగగలదో లేదో చూసుకోండి. ఒక పిల్లసీటు రెండో వరసలో, ఆ పక్కన అమ్మ, పెద్దపిల్ల మూడో వరసలో, ఇలా సర్దుకుంటే చాలా ఇళ్ళకి కుదురుతుంది. ఇన్నోవా 2005 నుంచి మనవాళ్ళకి తెలిసిన బండే. కియా కారెన్స్‌నైతే మన పెనుకొండ దగ్గరే తయారుచేస్తున్నారు. జర్మన్ గుర్తు పోయి ఆ స్థానంలో మన సీమ నేల మీద చేసిన బండి వచ్చిందని గర్వంగా చెప్పుకోవచ్చు. బండి ఏదైనా భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షకి వెళ్ళిందో లేదో, పెద్దల భద్రతకి ఎన్ని స్టార్లు, పిల్లల భద్రతకి ఎన్ని స్టార్లు అన్నది విడివిడిగా చూడండి. 2023 అక్టోబరు నుంచి ఆ పరీక్ష మన దేశంలోనే జరుగుతోంది.

ఇక అమ్మకం కాగితాలు. మొహమాటంతో మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. "తెలిసినవాడేలే, నెమ్మదిగా పేరు మార్చుకుంటాడు" అని ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఏం చెప్పిందో ప్రతి సభ్యుడూ గుర్తుంచుకోవాలి. 2007లో అమ్మిన కారు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ పోయింది, ఆర్‌సీలో పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ కారు వల్ల ఒక ప్రాణం పోయింది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, పరిహారం బాధ్యత వాళ్ళదేనని కోర్టు తేల్చింది. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో చెప్పాలి. డీలరుకి ఇస్తే అతనికి రవాణా శాఖ అనుమతి పత్రం ఉందో లేదో అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అలాంటి డీలరుకి ఫారం 29సి ద్వారా బండి అప్పగిస్తే, పేరు మారేదాకా బాధ్యత అతనిదే. సెకండ్ హ్యాండ్ కార్ల మీద 18 శాతం జీఎస్టీ డీలరు లాభం మీద పడేది, సొంత కారు అమ్ముకునే మనిషి మీద పడేది కాదు. ఆ పేరు చెప్పి మీ ధరలో కోత పెడితే ఒప్పుకోకండి.

రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. డబ్బు బ్యాంకులోకే రానివ్వండి. బీమాలో నో క్లెయిమ్ బోనస్ బండికి కాదు, మీకు చెందుతుంది. దాని ధ్రువీకరణ తీసుకుని కొత్త బండికి వాడుకోండి. ఫాస్టాగ్ మూసేయండి, లేకపోతే కొన్నవాడు దాటిన టోల్‌గేట్ల డబ్బు మీ ఖాతాలో పోతుంది. బంపరుకి గీత పడి పెయింటు వేయించి ఉంటే కొనేవాళ్ళకి మీరే చెప్పండి. వాళ్ళ ఇంట్లోనూ పిల్లలుంటారు.

చివరగా, అమ్మానాన్నల కోసం పెందుర్తిలో కారు కొని, ఆర్‌సీ తమ పేరుననే ఉంచుకున్న సభ్యులకి ఒక మాట. అమెరికా నుంచి ఆ బండి అమ్మడం కష్టం. సంతకాలు, ఆధార్‌కి కట్టిన ఫోన్ నంబరుకి వచ్చే ఓటీపీ, కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ, దాన్ని ఇండియాకి పంపాక స్టాంపు, ఒక్కోదానికీ వారాలు పడతాయి. అమ్మితే వచ్చే డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడాలి. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు పండగ హడావుడి మొదలవకముందే ఆర్‌సీ బయటికి తీసి ఒకసారి చూడండి. లోను ఎప్పుడో తీరిపోయినా హైపోతికేషన్ అలాగే ఉండిపోయిన బళ్ళు చాలా ఉంటాయి. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని ముందు అది తీయించండి. ఆ పని అయ్యేదాకా కొనేవాళ్ళని పిలవకండి.