అభిమాని నిర్వేదము

యాసంగి కోతలు ముగిసి ధాన్యము కళ్లములకు చేరు వేళకే ఐపీఎల్ ఆటలును తుది వారములకు చేరుచుండును. అనంతగిరి, కోదాడ పల్లెల చాయ హోటళ్లలో ఈ రెండు ముచ్చటలును ఒకే బల్లమీద సాగును. “ఇగ మావోళ్ల పని అయిపోయినట్టే” అని సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టును గూర్చి ఒకరనగా, తక్కినవారు తలలూపుదురు. మార్చి నెలలో కప్పు తెచ్చి ఇంట పెట్టుకొన్నట్లు మాటలాడినవారును వీరే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమనుట అప్పటి ధోరణి. ఏప్రిల్ గడచుసరికి ఆ సోమలింగమునకు తద్దినము పెట్టుటకును వీరే సిద్ధము!

ఈ దిగులునకు కారణములు లేకపోలేదు. 2021లో ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానము. 2023లో పదింటిలో పదవది. 2024లో ఒక్క ఆటలో 287 పరుగులు చేసి దేశమును నివ్వెరపరచిన జట్టే, మే 26న చెన్నైలో జరిగిన ఫైనల్లో 113 పరుగులకు కుప్పకూలెను. ఐపీఎల్ ఫైనల్ ఆటలలో అంత తక్కువ మొత్తము అంతకుముందెన్నడును నమోదు కాలేదు. 2025లో తొలి ఆటలోనే 286 పరుగులు చేసిరి. ఆ వెంటనే నాలుగు ఆటలు వరుసగా ఓడిరి. మే 5న ఉప్పల్‌లో ఢిల్లీ జట్టును 133 పరుగులకు కట్టడి చేసిరి. అంతలో వాన కురిసి ఆట రద్దయ్యెను. దానితో ప్లేఆఫ్ ఆశయు కొట్టుకొనిపోయెను. కళ్లములోని వడ్లపై పట్టాలు కప్పుటకు పరుగెత్తు రైతునకు ఆ రాత్రి వాన బోధపడినట్లు మరెవరికి బోధపడును? కాంటా అగుదాక పంట తనది కాదని అతడెరుగును. ఆట విషయమునను అతని నోట అదే జాగ్రత్త పలుకుచున్నది.

అయినను ఇది నిజమైన నిరాశ యనుటకు వీలులేదు. భరతుడు ముప్పదిమూడు వ్యభిచారి భావములను లెక్కించుచు నిర్వేదమును మొట్టమొదట చెప్పెను. అట్టి భావములు వచ్చి పోవునవి. వాని క్రింద నిలిచియుండు స్థాయి వేరు. “ఇక లాభము లేదు” అన్న నోటనే ఏ జట్టు ఏ జట్టును ఓడించవలెనో, మన నెట్ రన్‌రేట్ ఎంత పెరుగవలెనో అభిమాని తడుముకొనక చెప్పును. ఆశ వదలినవానికి ఆ గణితముతో పనియేమి?

దోషమున్నది మరియొకచోట. ముందే ఓడితిమనుకొన్నచో ఓటమి నొప్పింపదని వీరి లెక్క. నొప్పి ఎటులను తప్పుట లేదు; గెలుపు వచ్చిననాటి సంతోషము మాత్రము సగమగుచున్నది. 2020లో చివరి మూడు ఆటలును గెలిచితీరవలసిన స్థితిలో ఈ జట్టు ఢిల్లీని, బెంగళూరును, ముంబయిని వరుసగా ఓడించి ప్లేఆఫ్ చేరెను. ముందే టీవీ కట్టివేసినవారికి ఆ మూడు రాత్రులు దక్కలేదు. అంతకు పూర్వము 2008లో అట్టడుగున నిలిచిన దక్కన్ చార్జర్స్, 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచినది గదా! పైగా ప్రక్కన కూర్చున్న పదేండ్ల పిల్లవాడు ఈ మాటలన్నియు వినుచుండును. పెద్దలకు నిర్వేదము పైపూత. వానికది అసలు రంగుగా కనిపించును. జట్టును వెక్కిరించుటే అభిమానమని వాడు నేర్చినచో, పెద్దల లోపలనున్న ప్రేమ వానికెట్లు తెలియును?

2025 మే 25న ఢిల్లీలో సన్‌రైజర్స్ చివరి ఆట ఆడిరి. గెలిచినను ఓడినను ఒరుగునదేమియు లేని ఆట. 278 పరుగులు చేసి, కోల్‌కతాపై 110 పరుగుల తేడాతో గెలిచిరి. క్లాసెన్ 105 పరుగులతో అజేయుడుగా నిలిచెను. ఆ ఆట ఎవరు చూచిరని మరునాడు చాయ హోటలులో అడిగినచో, చూచితిమని ఒప్పుకొనువారు తక్కువ. క్లాసెన్ కొట్టిన సిక్సర్లెన్ని యని అడిగినచో మాత్రము, తొమ్మిదని అందరును ఒక్కసారే చెప్పుదురు.