తుపాకి పేరు కాదు, తూటా పేరు చెప్పండి

పేపర్లో క్రైమ్ వార్తలు చదివేటప్పుడు నాకొక చిరాకు. మొదటి లైన్లో "రివాల్వర్‌తో బెదిరించి" అని ఉంటుంది. మూడో లైనుకొచ్చేసరికి అదే పిస్టల్ అయిపోతుంది. చివరికి "నాటు తుపాకి స్వాధీనం" అని ముగుస్తుంది. సినిమాల సంగతి సరేసరి, ఆరు గుండ్ల రివాల్వర్‌తో మన హీరో పదహారు మందిని కాలుస్తాడు, మనం ఈల వేస్తాం :)

మా వైపు, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎవర్నడిగినా అంతే. ఏదైనా "తుపాకే". వీడికి చాదస్తం ఎక్కువ అనుకోకండి. ఈ తేడా దగ్గరే చట్టం ఆగుతుంది. ఒక్కోసారి ప్రాణం కూడా.

ముందు చిన్న పాఠం. తెలిసినవాళ్ళు రెండు పేరాలు దాటేయొచ్చు.

రివాల్వర్‌లో తిరిగే సిలిండర్ ఉంటుంది, దానికి ఐదో ఆరో గదులు. ఒక్కో గదిలో ఒక్కో తూటా. ఈ తూటా అడుగున కేసు కంటే వెడల్పైన అంచు ఉంటుంది, మేకు తలకాయలాగ. ఆ అంచు వల్లే తూటా గదిలోకి జారిపోకుండా సరైన చోట ఆగుతుంది. కాల్చాక ఖాళీ కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క కూడా ఆ అంచునే పట్టుకుంటుంది.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలు కథ వేరు. దాని తూటాలు పిడిలో ఉండే మ్యాగజైన్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. అంచులుంటే ఒకదానికొకటి తగులుకుంటాయి కాబట్టి 9 ఎం.ఎం., .45 ఏసీపీ లాంటి తూటాలకి బయటికి పొడుచుకొచ్చే అంచు ఉండదు. అడుగున చుట్టూ ఒక గాడి మాత్రం ఉంటుంది. అలాంటి తూటాని మామూలు రివాల్వర్‌లో వేస్తే ఆగాల్సిన చోట ఆగదు, ఒకవేళ పేలినా ఖాళీ కేసు బయటికి రాదు.

మరి పిస్తోలు తూటాతో రివాల్వర్ చెయ్యాలని ఎవడికి బుద్ధి పుట్టింది? అవసరానికి పుట్టింది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. వాళ్ళ సైన్యం పిస్తోలు ఎం 1911, దాని తూటా .45 ఏసీపీ. సైన్యం అమాంతం పెరిగిపోయింది, కానీ పిస్తోళ్ళు ఆ వేగంతో తయారవ్వడం లేదు. అప్పటికే కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలు బ్రిటిష్ వాళ్ళకి .455 రివాల్వర్లు చేసిపెడుతున్నాయి. "అదే రివాల్వర్ని మా .45 తూటాకి మార్చండి" అంది సైన్యం. అంచు లేదు కదా, ఎలా? స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు అర్ధచంద్రాకారపు పల్చని స్టీలు ముక్క ఒకటి చేశారు. దానికి మూడు తూటాలు, వాటి గాడి దగ్గర పట్టుకుంటాయి. రెండు ముక్కలు పెడితే ఆరు తూటాలు. అంచు లేని తూటాకి అంచు అద్దెకిచ్చినట్టన్నమాట. అట్లా రెండు కంపెనీలూ కలిసి ఎం 1917 పేరుతో మూడు లక్షలకి పైగా రివాల్వర్లు చేశాయి.

మన భాషలో చెప్పాలంటే ఇది అడాప్టర్. పాత సిస్టమ్ మార్చలేదు, కొత్త ఫార్మాట్ మార్చలేదు, మధ్యలో రేకు ముక్క పెట్టి పని కానిచ్చేశారు. ఇంకో తమాషా, యుద్ధం తర్వాత 1920లో పీటర్స్ కంపెనీ ఆ రేకుముక్కతో కూడా పని లేకుండా .45 ఏసీపీకే అంచు తగిలించి .45 ఆటో రిమ్ అని కొత్త తూటా తెచ్చింది. అడాప్టర్ కోసం మొదలైంది కొత్త స్టాండర్డ్ అయ్యి కూర్చుంది. మన ఫీల్డులో రోజూ చూసేదే కదా..

తాత్కాలికం అనుకున్న ఆ రేకుకి తర్వాత పెద్ద పేరొచ్చింది. ఆరు తూటాలూ ఒకే రేకులో ఇమిడితే మొత్తం ఒక్క దెబ్బకి లోపలికి, ఒక్క దెబ్బకి బయటికి. జెర్రీ మిక్యులెక్ అనే షూటర్ 1999లో .45 ఏసీపీ రివాల్వర్‌తో ఆరు కాల్చి, మళ్ళీ నింపి, ఇంకో ఆరు కాల్చాడు. మొత్తం 2.99 సెకన్లు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ చరిత్రలో నాకు నచ్చిన పాఠం ఒక్కటే: తుపాకి తూటా వెనకాల నడుస్తుంది. ఏ తూటా చేతికి దొరుకుతుందో, దానికి తగ్గట్టు తుపాకి పుడుతుంది.

అమెరికాలో ఈ మధ్య 9 ఎం.ఎం. రివాల్వర్లు ఎందుకు అమ్ముడవుతున్నాయి? రూగర్ వాళ్ళ ఎల్‌సీఆర్‌లో 9 ఎం.ఎం. రకం 2014లో వచ్చింది. పాత .38 స్పెషల్ కంటే 9 ఎం.ఎం. తూటా చవక, ఏ కొట్లో అయినా దొరుకుతుంది, ఇంట్లో 9 ఎం.ఎం. పిస్తోలు ఉన్నవాడికి రెండింటికీ ఒకటే డబ్బా సరిపోతుంది. ఉత్తరాదిలో దొంగతనంగా చేసే కట్టాలు చూడండి, .315 బోరుకో 12 బోరుకో చేస్తారు. ఎందుకంటే లైసెన్సు ఉన్న రైతుల రైఫిళ్ళకి, తుపాకులకి వాడే తూటాలు అవే. ఎక్కడో ఒక డబ్బా పక్కదారి పడితే చాలు. కమ్మరి కొలిమికి కావలసిన స్పెసిఫికేషన్ దొరికినట్టే.

మా పుంగనూరు తమ్ముడు, పిన్ని కొడుకు, యూట్యూబ్‌లో ఇవన్నీ చూసి "అన్నా, రివాల్వర్ అయితే జామ్ కాదంట గదా, 9 ఎం.ఎం.లో మనకు రాదా?" అనడిగాడు. రాదురా నాయనా. ఎందుకు రాదో చూస్తే మన చట్టం రాసినవాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది. ఆశ్చర్యమే, కానీ నిజం.

ఆయుధాల చట్టం 1959ది. దాని కింద 1962లో రూల్స్ వచ్చాయి, వాటి స్థానంలో 2016లో కొత్త రూల్స్ వచ్చాయి. ఆ రూల్స్ షెడ్యూల్లో ఒక వర్గం ఉంది. అందులో "9 ఎం.ఎం. పిస్తోలు" అని తుపాకి పేరు రాసి వదిలెయ్యలేదు. ఏ బోరు పిస్తోలైనా, రివాల్వరైనా, కార్బైనైనా సరే, .380, .455 అంచు తూటాల్ని గానీ, సైన్యం వాడే 9 ఎం.ఎం., .45 అంచు లేని తూటాల్ని గానీ లోపల పెట్టుకుని పేల్చగలిగితే అది ఆ వర్గమే అన్నారు. అంటే జిల్లా కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్సు కుదరదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్ళాల్సిందే.

గమనించారా? రివాల్వర్, అంచు లేని తూటా, రెండూ ఒకే వాక్యంలో! 1917 నాటి ఆ రేకుముక్క తెలివి మా దగ్గర చెల్లదని ముందే రాసిపెట్టారు. పైథాన్ వాళ్ళు దీన్నే డక్ టైపింగ్ అంటారు. నీ పేరేంటని అడగరు, నువ్వేం చెయ్యగలవని అడుగుతారు. కారణం కూడా తేలికే. సైన్యం, పోలీసు గిడ్డంగుల్లోంచి తూటా బయటికి పొక్కినా దాన్ని కాల్చే తుపాకి బయట ఉండకూడదు. తుపాకి తూటా వెనకాల నడుస్తుందన్న సంగతి వాళ్ళకి తెలుసు.

కానీ ఇంత తెలివిగా మొదలెట్టి, కింద .32 దగ్గరికొచ్చేసరికి మనం పేరు చూసి సర్దుకుపోయాం.

మామూలు లైసెన్సు మీద జనం కొనేది ఎక్కువగా .32. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళ .32 రివాల్వర్ ఉంది, ఆడవాళ్ళ రక్షణ కోసమని 2014లో తెచ్చిన 500 గ్రాముల "నిర్భీక్" కూడా .32 రివాల్వరే. అదే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల "అశని" .32 పిస్తోలు. రెండూ .32 అయితే తూటా ఒకటేనా? కాదు! రివాల్వర్‌ది .32 లాంగ్, కేసు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, అడుగున పూర్తి అంచు. పిస్తోలుది .32 ఏసీపీ, పొడవు 17 మిల్లీమీటర్లు, దానికి బహు చిన్న అంచు, సగం అంచు అనొచ్చు.

చిక్కంతా ఆ సగం అంచుతోనే. దాని పుణ్యమా అని పిస్తోలు తూటా .32 రివాల్వర్ గదిలో పట్టేస్తుంది. ఏ రేకూ అక్కర్లేదు. కానీ పట్టడం వేరు, సరిపోవడం వేరు. అమెరికా ప్రమాణాల ప్రకారం .32 లాంగ్‌కి గరిష్ఠ పీడనం 15,000 పీఎస్ఐ, .32 ఏసీపీకి 20,500. అంటే రివాల్వర్ దేనికోసం కట్టారో దానికంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. కొన్ని గట్టి రివాల్వర్లు తట్టుకోవచ్చు. తాత దగ్గర్నుంచి వచ్చిన పాత రివాల్వర్, బీరువాలో ఇరవై ఏళ్ళు పడుకున్నది, తట్టుకుంటుందా? చేతిలో పట్టుకుని పరీక్షించే విషయమా అది? కంపైల్ అయింది కదా అని ప్రొడక్షన్‌లోకి తోసేవాడిని మనం ఏమంటామో అందరికీ తెలుసు. అక్కడ సర్వర్ పోతుంది. ఇక్కడ వేళ్ళు పోతాయి.

2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టాక తుపాకులు చేసేది ఒక కంపెనీ, తూటాలు చేసేది ఇంకో కంపెనీ. తప్పేం కాదు. కానీ ఇద్దరి మధ్య ఇంటర్‌ఫేస్ ఒకే ఒక్క పేరు మీద నడుస్తున్నప్పుడు, ఆ పేరైనా స్పష్టంగా ఉండాలి కదా.

ఇదంతా మా మూడు ఊళ్ళకి ఏం సంబంధం అంటారా? చాలా ఉంది.

కుప్పం సంగతే తీసుకోండి. ఒక వైపు కర్ణాటక, ఇంకో వైపు తమిళనాడు. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. పొరుగు రాష్ట్రం సంతకి పోయే రైతు నడుముకి తుపాకి ఉంటే కొన్ని కిలోమీటర్లలో చట్టం మారిపోతుంది. తూటా మాత్రం మూడు రాష్ట్రాల్లోనూ ఒకటే. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమంటారు, మనవాళ్ళు అప్పజెప్తారు. లైసెన్సు లేనివాడు ఏం అప్పజెప్తాడు? 2015 నవంబరు 17న చిత్తూరు మేయరు కఠారి అనురాధని నగరపాలక కార్యాలయంలోనే కాల్చి చంపారు. ఆమె భర్త మోహన్ మీద కత్తులతో దాడి చేశారు, ఆయనా దక్కలేదు. అలాంటి రోజున అందరూ "తుపాకి ఎక్కడ్నుంచి వచ్చింది" అని అడుగుతారు. "తూటా ఎక్కడ్నుంచి వచ్చింది" అని కూడా అంతే గట్టిగా అడగాలని నా వాదన. తుపాకి ఒకసారి కొంటే తరాల పాటు ఉంటుంది. తూటా ఒకసారికే. కాబట్టి అది మళ్ళీ మళ్ళీ ఎక్కడో ఒక చోటి నుంచి రావాలి. పట్టుకోవడానికి మనకి దొరికే అవకాశం కూడా అన్నిసార్లు.

నా వాదనకి మా ఊళ్ళ దగ్గరే ఒక చిల్లు ఉంది, దాచను. అడవి అంచు పల్లెల్లో దొరికే నాటు తుపాకికి తూటానే లేదు. మందు, గుళ్ళు గొట్టంలో కూరి కాలుస్తారు. దానికి బోరు లేదు, స్టాండర్డ్ లేదు, బిల్లు లేదు. అడవిపందుల కోసం పెట్టుకుంటారు, ఒక్కోసారి చీకట్లో మనిషికే తగులుతుంది. 1972 వన్యప్రాణి చట్టం, ఆయుధాల చట్టం రెండూ మీద పడతాయి. దీనికి మందు లెక్కల పుస్తకం కాదు. వేరుశనగ చేను రాత్రికి రాత్రి పోయిన రైతుకి నష్టపరిహారం చప్పున ఇవ్వండి, కంచెకి సాయం చెయ్యండి. ఆకలి లేనిచోట నాటు తుపాకి తుప్పు పడుతుంది.

మిగతా వాటికి నేను అడిగేవి మూడే, మూడూ ఖర్చు లేనివి.

ఒకటి, లైసెన్సు మీద బోరు అంకె ఒక్కటే చాలదు, తూటా పూర్తి పేరు ఉండాలి. ".32" అని కాదు, ".32 లాంగ్" అనో ".32 ఏసీపీ" అనో.

రెండు, తుపాకి లైసెన్సుకి దేశమంతటా ఒకే యూనిక్ నంబరు పెట్టుకున్నాం. అమ్మిన ప్రతి తూటా డబ్బా లాట్ నంబరుని ఆ నంబరుకి కలపండి. గ్యాస్ సిలిండర్‌కి చేస్తున్న పని ఇదే, తూటాకి చెయ్యలేమా? నన్నడిగితే రెండు టేబుళ్ళు, ఒక ఫారిన్ కీ.

మూడు, పేపర్ల వాళ్ళకి. పిస్తోలో రివాల్వరో తేలకపోతే మానెయ్యండి, ఎస్సైగారిని తూటా పేరడిగి అది రాయండి. అబద్ధం చెప్పడానికి వీల్లేకుండా దాని అడుగునే ముద్ర కొట్టి ఉంటుంది.

2019 సవరణలో ఒక మనిషికి మూడు తుపాకులు కాస్తా రెండయ్యాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. తుపాకుల్ని లెక్కపెట్టడం మనకి బాగా వచ్చు. 1962లోనే తూటాని బట్టి తుపాకిని కొలవాలని రాసుకున్న దేశం మనది, ఆ వాక్యాన్ని .32 దాకా దింపితే చాలు.

మా తమ్ముడికి ఏం చెప్పానంటారా? "రివాల్వర్ ఎందుకురా, ఇంటికి మంచి తలుపు పెట్టించు" అన్నాను. వాడికి నచ్చలేదు. మీకైనా నచ్చిందా?